తీరంలో పసిడి వేట : ఉప్పునీటి ముందు తడబడుతున్న యంత్రాలు

ఉప్పాడ: తుపాను వెలిసిందంటే చాలు, ఉప్పాడ ఒడ్డున వలలకంటే ముందు జనం దిగుతారు. ఆడవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళు అలలు వెనక్కి తీసిన తడి ఇసుకలో చతికిలబడి వేళ్ళతో, పుల్లలతో, దువ్వెనలతో ఇసుకను గీకుతూ కూచుంటారు. వారు వెతికేది బంగారం. నలుసంత రవ్వ, ఆవగింజంత పూస, అదృష్టం బాగుంటే తెగిన గొలుసు ముక్క. 2020 నవంబరు చివరి వారంలో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ పోటెత్తిన సముద్రం వెనక్కి తగ్గాక కొందరికి బంగారు రవ్వలు దొరికాయన్న వార్త రాష్ట్రమంతటా పాకింది. వందలాది మంది ఒడ్డుకు ఎగబడ్డారు. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలో వున్న ఈ వూరు 2022 ఏప్రిల్ నుంచి కాకినాడ జిల్లాలో వుంది. జిల్లా మారినా వెతుకులాట మారలేదు.

ఈ బంగారం ఎక్కడిదన్న ప్రశ్నకు ఒడ్డున వున్నవారు తలా ఒక జవాబు చెబుతారు. పిఠాపురం రాజుల కాలం నాటి కట్టడాలు, గుళ్ళు సముద్రంలో కలిసిపోయాయని, అందులోని సొత్తు ఇప్పుడు బయటికి వస్తున్నదని పెద్దలు అంటారు. దానికి తాళపత్రం అక్కరలేదు గానీ, సముద్రం వూరిని మింగుతున్న మాట మాత్రం కళ్ళెదుట వున్న నిజం. ఇళ్ళు పోయాయి, కొబ్బరి చెట్లు పోయాయి, కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో లెక్కలేదు. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులతో వేసిన గట్టు కూడా అలల ధాటికి దెబ్బతింది. ఇల్లు సముద్రంలో పడితే గోడతోపాటు గూట్లో దాచుకున్నదీ పోతుంది. రాజుల సొత్తు మాట ఎలా వున్నా, మన అమ్మమ్మల చెవి పోగులు మాత్రం అక్కడ వుండక తప్పదు.

ఇంతవరకు కథ పాతదే. కొత్తగా వచ్చినది యంత్రం.

కర్ర చివర గుండ్రటి పళ్ళెం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో నడుస్తూ ఉంగరాలు ఏరే విదేశీయుల వీడియోలను చూడని కుర్రాడు ఇప్పుడు తీరంలో లేడంటే అతిశయోక్తి కాదు. దీన్ని మెటల్ డిటెక్టర్ అంటారు. నీళ్ళలో మునిగినా పనిచేసే రకాలు వేరే వున్నాయి. ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకు దొరికే బొమ్మలాంటివి మొదలుకొని, లక్షకు అటూ ఇటూగా పలికే పేరున్న కంపెనీల సరుకు వరకు వున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలు చేతిలో పని వుండదు, అప్పు మాత్రం వుంటుంది. అటువంటప్పుడు నలుగురు కుర్రాళ్ళు కలిసి చందా వేసుకుని, చాలకపోతే వడ్డీకి తెచ్చి, ఒక యంత్రం కొందామా అనుకోవడంలో వింత లేదు. కొన్నాక అది పనిచేస్తుందా అన్నదే ప్రశ్న.

యంత్రం మోసం కాదు. ఆ మాట ముందే చెప్పాలి. కానీ అది దేన్ని పట్టగలదో, ఉప్పాడ ఒడ్డున దొరికేది ఏమిటో, ఆ రెంటికీ పొంతన కుదరడం కష్టం.

పళ్ళెం లోపల ఏముంది?

పళ్ళెంలో రాగి తీగ చుట్టలు వుంటాయి. వాటిలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది మారుతూ వుంటే దగ్గరలో వున్న లోహంలో కూడా చిన్న కరెంటు సుళ్ళు తిరుగుతుంది. ఆ సుడి తిరిగి తన క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దాన్ని పళ్ళెం పసిగట్టి చెవిలో కూత పెడుతుంది. సూత్రం ఇంతే, వందేళ్ళ పైబడిన సూత్రం. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకి గుండును వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరాన్నే పట్టుకెళ్ళాడు. గుండు దొరకలేదు. రోగి పడుకున్న పరుపులోని ఉక్కు స్ప్రింగులు అతన్ని తికమకపెట్టాయి. యంత్రం అబద్ధమాడలేదు, లోహం వుందనే చెప్పింది. ఏ లోహమో చెప్పలేకపోయింది. అధ్యక్షుడు ఆ సెప్టెంబరులో చనిపోయాడు.

బెల్‌కు పరుపు ఎదురైతే ఉప్పాడలో సముద్రమే ఎదురవుతుంది. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. నది నీటితో పోలిస్తే వంద రెట్లకు పైగా పారుతుంది. అంటే యంత్రం దృష్టిలో తడి ఇసుక మొత్తం ఒక పలచని లోహపు రేకు. రాజమండ్రి రేవులో గోదావరి నీళ్ళలో పడిన ఉంగరాన్ని సునాయాసంగా చెప్పే యంత్రమే ఉప్పాడకు వచ్చి అలలో పళ్ళెం పెట్టగానే గోల మొదలుపెడుతుంది. అల వచ్చినప్పుడు ఒక కూత, వెళ్ళినప్పుడు ఒక కూత. తడి ఇసుక నుంచి పొడి ఇసుకకు జరిపితే ఇంకో కూత. కొత్తవాడు ప్రతి కూతకూ గొయ్యి తీస్తాడు. సాయంత్రానికి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కూడా కాదు, ఎలుక సైతం దొరకదు.

మామూలు రకం యంత్రాలను విఎల్ఎఫ్ అంటారు. సెకనుకు కొన్ని వేల సార్లు మారే సంకేతాన్ని ఆగకుండా పంపుతూ, తిరిగి వచ్చేది ఎంత ఆలస్యంగా వస్తున్నదో చూసి ఇది ఇనుము, ఇది రాగి, ఇది వెండి అని పోల్చుకోవడం వీటి గొప్ప. ఉప్పు దగ్గరే వీటి పప్పులుడకవు. ఉప్పునీరు ఇచ్చే సంకేతం, చిన్న బంగారు వస్తువు ఇచ్చే సంకేతం ఇంచుమించు ఒక్క తీరున వుంటాయి. ఉప్పు గోల పడలేక దాన్ని తీసివేసేట్టు మీట తిప్పితే, దాంతోపాటు చిన్న బంగారమూ పోతుంది. సిగరెట్ పెట్టెలోని వెండి రేకు, కూల్‌డ్రింకు డబ్బా మూతి రింగు కూడా ఉంగరం మాదిరే పలుకుతాయి. ఆ రింగులు వద్దనుకుని యంత్రానికి చెబితే పెళ్ళి ఉంగరం మీదుగా కూడా అది నోరు మెదపకుండా పోతుంది.

బంగారు గనులున్న దేశాల్లో నేలమీద రవ్వలు వెతకడానికే చేసిన యంత్రాలు కొన్ని వున్నాయి. మరింత హెచ్చు వేగంతో మారే సంకేతం వాడతాయి. పొడినేల మీద బియ్యపు గింజలో సగమున్న బంగారాన్ని కూడా పడతాయి. ‘బంగారం యంత్రం’ అన్న పేరు చూసి వాటిని కొని సముద్రానికి తెస్తే అంతకన్నా పొరపాటు లేదు. వేగం పెరిగిన కొద్దీ ఉప్పు గోల కూడా పెరుగుతుంది.

గంట కొట్టి ఆగి వినే రకం

సముద్రం కోసమని చేసిన రెండో రకం పల్స్ యంత్రాలు. ఇవి ఎడతెగకుండా మాట్లాడవు. గుడి గంటను కొట్టి ఆగి విన్నట్టు, ఒక దెబ్బ కొట్టి ఊరుకుంటాయి. సెకనుకు వందల దెబ్బలు, కొన్నింటిలో వేల దెబ్బలు. కంచు గంట దెబ్బ తిన్నాక కూడా కాసేపు మోగుతుంది, పచ్చి కుండ వెంటనే ఆగిపోతుంది. ఉప్పునీరు పచ్చి కుండలాంటిది. అందులో పుట్టిన కరెంటు సుళ్ళు సెకనులో పది లక్షల వంతులు కొన్నింటిలోనే అణగిపోతాయి. అది అణిగేదాకా ఆగి, ఆ తర్వాత చెవి పెడితే లోహం ఒక్కటే వినిపిస్తుంది. నల్ల ఇసుక గోల కూడా ఈ రకానికి చాలావరకు తగ్గుతుంది. గోతాఖోరులు వాడే పాతకాపు యంత్రాలలో చాలా మటుకు ఈ పద్ధతివే. కొన్ని 60 మీటర్ల లోతు వరకు తట్టుకుంటాయి.

అయితే వీటికి రెండు లోపాలు వున్నాయి. మొదటిది, ఇవి లోహాల తేడా చెప్పవు. తుప్పు పట్టిన మేకు, గాలపు ముల్లు, పడవ చెక్కకు కొట్టే సీల, పుస్తెలు, అన్నిటికీ దాదాపు ఒకటే కూత. ఉప్పాడ లాంటి పడవల రేవులో అడుగుకో మేకు వుంటుందంటే ఆశ్చర్యం లేదు. వాటన్నిటినీ తవ్వాలి. రెండవది ఇంకా ముఖ్యం. చిన్న బంగారు రవ్వ, సన్నని గొలుసు కూడా పచ్చి కుండల్లాగే వెంటనే చప్పబడతాయి. ఉప్పు అణిగేదాకా ఆగి వినేసరికి వాటి మోత కూడా అయిపోతుంది. సన్నని గొలుసులో ప్రతి కొక్కెమూ విడివిడిగా ఒక చిన్న రింగే కాబట్టి, రెండు కాసుల గొలుసు కన్నా రెండు గ్రాముల ఉంగరం బాగా పలుకుతుంది. నగల షాపువాడికి ఇది వింతగా తోచవచ్చు, యంత్రానికి మాత్రం వస్తువు బరువుతో కన్నా దాని ఆకారంతోనే పని.

ఈ రెంటి మధ్య రాజీగా ఒకేసారి పలు వేగాల సంకేతాలు వాడే రకం వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన మైన్‌ల్యాబ్ కంపెనీ ఎక్స్‌కాలిబర్ అన్న గోతాఖోరుల యంత్రం, 2018లో వచ్చిన ఈక్వినాక్స్ ఈ కోవలోవే. మొదటిది 60 మీటర్లకు, రెండవది 3 మీటర్లకు పనికివస్తుందని కంపెనీ చెప్పే మాట. పలు వేగాలలో వచ్చిన జవాబులను పోల్చి ఉప్పు వాటాను తీసివేస్తాయి. తడి ఇసుకలో ఉంగరం, నాణెం పట్టడంలో వీటికి మంచి పేరే వుంది. ఆవగింజంత రవ్వ పట్టడంలో ఇవి కూడా చేతులెత్తేస్తాయి.

నల్ల ఇసుక చేసే తమాషా

ఒడ్డున వెతికే ఆడవాళ్ళకు ఏ యంత్రం చెప్పకుండానే ఒక సంగతి తెలుసు. ఇసుక మీద నల్లని చారలు తేలిన చోటే వాళ్ళు కూచుంటారు. ఇందులో శాస్త్రం వుంది. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లు పైచిలుకు బరువు. నల్ల ఇసుకలోని ఇల్మనైటు, మాగ్నటైటు వంటివి నాలుగున్నర నుంచి ఐదు రెట్లు. బంగారం పంతొమ్మిది రెట్లు. తుపాను అల తేలిక ఇసుకను ఎత్తుకుపోయి బరువైనదాన్ని వదిలిపెడుతుంది. నల్ల చార మిగిలిందంటే బరువు సరుకు అక్కడ ఆగిందని అర్థం. బంగారం వుంటే గింటే అక్కడే వుండాలి. చేటతో బియ్యం చెరిగినవారికి ఇది వేరే చెప్పక్కరలేదు.

తమాషా ఏమంటే, మామూలు యంత్రం అన్నిటికన్నా ఎక్కువ తికమకపడేది కూడా ఆ నల్ల చారల మీదనే. మాగ్నటైటు అయస్కాంతానికి అంటుకునే ఖనిజం. పైన ఉప్పు, అడుగున మాగ్నటైటు. ఒకదానికి సరిపెడితే రెండవది గోల చేస్తుంది. శ్రీకాకుళం, భీమిలి మొదలుకొని గోదావరి డెల్టా వరకు మన తీరంలో నల్ల ఇసుక జాస్తి. తెల్లని ఇసుక తీరంలో తీసిన వీడియో చూసి యంత్రం కొని ఇక్కడ అదే ఫలితం కోరడం, మెట్ట పొలంలో పండిన విత్తనాన్ని ఉప్పు కయ్యలో చల్లి ఎదురుచూడడం లాంటిది.

లోతు సంగతి కూడా చెప్పుకోవాలి. అమ్మేవాళ్ళు మీటరు, రెండు మీటర్లు అంటారు. పెద్ద ఇనప పెట్టె అయితే నిజమే కావచ్చు. రూపాయి బిళ్ళంత వస్తువు మంచి యంత్రానికైనా జానెడు లోతులోనే, మహా అయితే మరి నాలుగు వేళ్ళు. చిన్న వస్తువు పళ్ళెం నుంచి దూరం జరిగిన కొద్దీ సంకేతం దారుణంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే 64 వంతులలో ఒక వంతే మిగులుతుంది. తుపాను అలకు ఒక్క రాత్రిలో మూరెడు ఇసుక వచ్చి పడే ఒడ్డున ఇది చిన్న విషయం కాదు. అందుకే వెతికేవాళ్ళు కోత పడిన మర్నాడే దిగుతారు, ఇసుక మళ్ళీ మేట వేశాక దిగరు.

నీళ్ళు దిగితే అంతే

పనితనం తరువాత మన్నిక. ‘వాటర్‌ప్రూఫ్’ అని పెట్టె మీద వుంటే చాలదు. చవక రకాలలో చాలావాటికి పళ్ళెం ఒక్కటే నీళ్ళలో మునగవచ్చు, పైనున్న బ్యాటరీ పెట్టె తడవకూడదు. మోకాటి లోతులో నిలబడినవాడికి ఒక్క అల నడుము దాకా వస్తే కథ ముగిసినట్టే. నిజంగా మునిగే రకంలో కూడా నీటిని ఆపేది ఒక సన్నని రబ్బరు వాషరు. బ్యాటరీ మూత తీసి పెట్టేటప్పుడు దాని మీద ఒక్క ఇసుక రేణువు కూచున్నా చాలు, నీరు దారి చేసుకుంటుంది. మంచినీరు దిగితే ఆరబెట్టుకుని బాగుచేసుకోవచ్చునేమో గానీ ఉప్పునీరు దిగితే లోపలి రాగి గీతలను తినేస్తుంది. మోటారు ఇంజను మరమ్మతు చేసే మెకానిక్కులు ఈ సంగతి బాగా ఎరుగుదురు. వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి, వాషరుకు సిలికాన్ గ్రీజు రాయాలి, ఏడాదికోసారి వాషరు మార్చాలి. వైరు లేని హెడ్‌ఫోన్లు నీళ్ళలో మునిగితే పలకవు, వైరుతో వచ్చే నీటి రకమే కొనాలి. విదేశీ సరుకు పాడైతే ఎక్కడికి పంపాలి, పంపే ఖర్చు ఎవరిది అన్నది డబ్బు కట్టక ముందే తేల్చుకోవలసిన విషయం.

మరి ఈ యంత్రం ఎందుకూ కొరగాదా అంటే, అదీ కాదు. స్నానాలకు దిగినవారి వేలి నుంచి జారిన ఉంగరం ఫలానా చోట పడిందని గుర్తుంటే, ఆ పది గజాల్లో వెతకడానికి ఇంతకు మించిన సాధనం లేదు. పడవ నుంచి పడిపోయిన లంగరు, ఫ్యాను వంటివి పల్స్ రకం తేలికగా చెబుతుంది. గోదావరి రేవుల్లో కుర్రాళ్ళు తాడుకు అయస్కాంతం కట్టి యాత్రికులు వేసిన చిల్లర లాగుతుంటారు. 1992 నుంచి రూపాయి బిళ్ళలను అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ ఉక్కుతో ముద్రించడం మొదలుపెట్టడం వారికి కలిసి వచ్చింది. ఖర్చు వందల్లో, పని నమ్మకం. అయితే బంగారం అయస్కాంతానికి అంటదు. అంటుకుంటే అది కాకిబంగారం కూడా కాదు, పూత పూసిన ఇనుము.

దొరికితే ఎవరిది?

యంత్రం కొన్నవారు గానీ, చేత్తో వెతికేవారు గానీ పట్టించుకోని సంగతి మరొకటి వుంది. భూమిలో దాగివున్న విలువైన వస్తువు దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. ఆ పది రూపాయలు ఇంగ్లీషువాళ్ళు పెట్టినవి. 2025లో గ్రాము బంగారం పదివేల రూపాయలు దాటింది, ఆ లెక్కన పది రూపాయల బంగారమంటే ఒక్క మిల్లీగ్రాము. రవ్వల కోసం ఎవరూ కలెక్టరాఫీసు మెట్లెక్కరు, ఎక్కితే గుమాస్తాలు నవ్వుతారు. కాని మూట దొరికితే నవ్వులాట కాదు. చెప్పకుండా దాచినవారికి ఏడాది వరకు జైలు వుంది, రావలసిన వాటా కూడా పోతుంది. పాత విగ్రహం, నూరేళ్ళు దాటిన నాణెం వంటివైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. ఇక నిన్న మొన్న స్నానానికి వచ్చినవారి ఉంగరం దొరికితే అది నిధి కాదు, పోగొట్టుకున్నవారి సొత్తు. వారిని వెతికి ఇవ్వకుండా సొంతం చేసుకోవడం నేరమే.

కొనక తప్పదనుకునేవారు డబ్బు చేతులు మారక ముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. దానికి ఇంట్లో వున్న వస్తువులే చాలు. ఒక ముక్కుపుడక, ఒక ఉంగరం, ఒక సన్న గొలుసు, ఒక తుప్పు మేకు తీసుకుని, పోకుండా ఒక్కొక్కదానికి పొడుగాటి దారం కట్టాలి. ముందు ఖాళీ తడి ఇసుక మీద పళ్ళెం అటూ ఇటూ వూపాలి, పైకీ కిందికీ ఎత్తి దించాలి. ఏమీ లేకుండానే కూస్తే అక్కడే తెలిసిపోతుంది. తరువాత వస్తువులను పొడి ఇసుకలో బెత్తెడు లోతున, ఆ పైన అల తగిలే చోట అంతే లోతున, చివరకు నల్ల చార మీద పాతిపెట్టి చూడాలి. పాతినవాడు వేరు, వెతికేవాడు వేరు వుండాలి. పొడి ఇసుకలో నాలుగూ పలికి, నల్ల చార మీద మేకు ఒక్కటే పలికితే ఆ యంత్రాన్ని అమ్మేవాడికే వదిలిరావచ్చు. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్ష కుదరదు. నచ్చకపోతే తడిసిన సరుకు వాపసు తీసుకుంటారో లేదో ఆర్డరు పెట్టక ముందే అడిగి రాయించుకోవాలి.